జింకు తొట్టిలో షర్బతు

తాండూరు,
10 జూలై 2025.

ఐమన్ బేటీకి సలాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రేమతో అనుకునేవు, అక్షరాలు పోల్చుకోలేక. నీ చేతిరాత మీ నాన్న హారిస్ నుంచి వచ్చింది. ఆయననూ అనలేం, ఆయనకూ ఎవరో ఇచ్చే ఉంటారు.

హాస్టల్లో ఫోను వారానికి ఒక్కసారి ఇస్తారని, అది మీ అమ్మ ఏడవడానికే సరిపోతుందని రాశావు. ఏడవనీ. నా కుడి చెవికి ఫోను మాట ఎలాగూ అందదు. మనం ఉత్తరాలే రాసుకుందాం. ఉర్దూలో రాస్తే నీకు చదవడం రాదు, తెలుగులో రాస్తే మీ అమ్మ చదవదు. కాబట్టి తెలుగే క్షేమం.

ముందు నీ ప్రశ్న. జింక్ అయాను మీద ఎప్పుడూ రెండు ప్లస్సులే ఎందుకు, ఒకటో మూడో ఎందుకు ఉండవు అని అడిగావు. జింక్ పరమాణువులో ముప్పై ఎలక్ట్రాన్లు. వాటిలో రెండు బయటి గదిలో కూర్చుని, ఎవరైనా పిలిస్తే లేచిపోదామని చూస్తుంటాయి. వాటి వెనక లోపలి గది పదింటితో పూర్తిగా నిండి తలుపు వేసుకుని ఉంటుంది. ఆ తలుపు తట్టినా తీయరు. కాబట్టి పోతే ఆ రెండే పోతాయి. రెండు రుణావేశాలు పోయాయి గనక రెండు ధనావేశాలు మిగిలాయి. ఇనుము చూడు, ఒకచోట రెండిస్తుంది, ఇంకోచోట మూడిస్తుంది. రాగికీ మాట నిలకడ లేదు. జింక్ అలా కాదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లలకు ఇదే చెప్పాను. "టీచర్, జింక్ మంచిదా?" అని ఒక పిల్ల అడిగింది. లోహాలలో మంచీ చెడూ ఉండవు, చురుకూ మందమూ ఉంటాయి అన్నాను. పరీక్షలో ఆ పిల్ల "జింక్ మంచి లోహం" అనే రాసింది.

ఇక యాలాల పక్కన మా ఊరి సంగతి. బాగాలేదు.

ఆదివారం పీర్ల పండుగకు వెళ్ళానని నీకు తెలుసు. మా చిన్నప్పటి నుంచీ ఆ రోజు షర్బతు నాగవ్వ ఇంటిది. వాళ్ళ అత్త ఎప్పుడో మొక్కుకుంది, ఆ గొర్రెల కాపరి ఇల్లు ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది. చింతపండు, బెల్లం, సోంపు, మిరియాలు. ఈసారి తాగినవాళ్ళు గంట తిరక్కుండానే ఒకరి తర్వాత ఒకరు వాంతులు. ముప్పై నలుగురు. పిల్లలు సాయంత్రానికి తేరుకున్నారు. ముసలి జంగప్పకు మొదటి నుంచీ మూత్రపిండాల జబ్బు, ఆయనను తాండూరు తెచ్చి సెలైన్ పెట్టారు. ఇంకా కళ్ళు సరిగ్గా తెరవలేదు. నాకు చక్కెర జబ్బు కాబట్టి నేను తాగలేదు.

ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చేసరికి మిగిలిన షర్బతు పారబోసి అన్నీ కడిగేశారు. వాళ్ళు బోరు నీళ్ళు సీసాలో పట్టుకుపోయారు. ఊరివాళ్ళకు సీసాలూ రిపోర్టులూ అక్కరలేదు, కారణం వాళ్ళకు దొరికేసింది. నాగవ్వ కోడలు నిరోషాకు పండుగకు నాలుగు రోజుల ముందే రెండో కాన్పు అయింది. మళ్ళీ ఆడపిల్ల. "పురుటి ఇంట్లకెల్లి షర్బతు తెస్తె పీరు ఊకుంటడా?" అని ఆడవాళ్ళే మొదలుపెట్టారు. ఇప్పుడు నాగవ్వ వాకిట్లోకి ఎవరూ రావడం లేదు. పది రోజులు కూడా లేని పసిదాన్ని చూసి ముఖం తిప్పుకుంటున్నారు.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి నన్నూ అడిగారు. వైరస్ కావచ్చు, నాకు సరిగ్గా తెలియదు అన్నాను.

రాత్రిపూట దుప్పటి కప్పుకో. వికారాబాద్ గాలి తాండూరు గాలి కాదు, గుట్టల మీది నుంచి దిగుతుంది.

నీ నానీ

*

వికారాబాద్,
15 జూలై 2025.

నానీ,

అస్సలాము అలైకుమ్. చేతిరాత మార్చుకున్నాను, చూడు. మొదటి నాలుగు వరుసల వరకే హామీ.

జింక్ గురించి నీవు రాసింది క్లాసులో చదివి వినిపించాను. మా కెమిస్ట్రీ మేడం నవ్వి, "మీ నానమ్మ ఎక్కడ పనిచేశారు?" అన్నారు. నానమ్మ కాదు, నానీ అంటే అమ్మమ్మ అని చెప్పాను. తర్వాత ప్రయోగం చేయించారు. జింక్ ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుడగలే బుడగలు. గాజు గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్ మని పేలింది. అది హైడ్రోజన్. పక్కనున్న మహెక్ అరిచిన అరుపుకు వార్డెన్ కిందినుంచి పరుగెత్తుకొచ్చింది. మిగిలిన ద్రావణంలో కాస్టిక్ సోడా చుక్కలు వేస్తే పాలలాగా తెల్లగా అయింది. ఇంకా వేస్తే ఆ తెలుపు కరిగిపోయింది. ఆ తెల్లటి జింక్ హైడ్రాక్సైడు ఆమ్లంతోనూ కలుస్తుంది, క్షారంతోనూ కలుస్తుందట. ఇద్దరి దగ్గరా మంచిగా ఉండే మా పెద్ద మేనత్త, ఫుఫ్ఫూ గుర్తొచ్చింది, కానీ రికార్డులో రాయలేదు.

నాగవ్వ సంగతి చదివి చాలా బాధ అనిపించింది. నేను చిన్నప్పుడు ఊరికి వస్తే నాకు మేకపాలు కాచి ఇచ్చేది కదా. నీవు చెబితే ఊరివాళ్ళు వింటారు నానీ. నీవు టీచరమ్మవు. పసిపిల్లకూ వాంతులకూ ఏం సంబంధం అని గట్టిగా చెప్పు.

ఒక సాయం కావాలి. సోమవారం స్లిప్ టెస్టు. రెండు మార్కుల ప్రశ్న: "జింక్ పూత పూసిన పాత్రలలో పుల్లని పదార్థాలను ఎందుకు నిల్వ ఉంచరాదు?" నాకు జవాబు తెలుసు, కానీ నీ పద్ధతిలో రాస్తే మేడం రెండుకు రెండూ వేస్తారు. తొందరగా రాయి.

నీ ఐమన్

*

తాండూరు,
19 జూలై 2025.

ఐమన్,

నీకు ఎవరు చెప్పారు?

రెండు మార్కుల ప్రశ్నట. నీ వయసు పదహారు, నాకు డెబ్బై రెండు. ప్రశ్నను పరీక్షలో దాచి అడగడం నేను కనిపెట్టిన విద్య, నా మీదే వాడకు. చాంద్‌పాషా మీ నాన్నకు ఫోను చేశాడా? పీర్లను చూసుకునే మనిషి పీర్లను చూసుకోవాలి, నా తొట్టిని కాదు. అడగాలనుకుంటే ముఖం మీదే అడుగు.

అవును, ఆ తొట్టి నేనే ఇచ్చాను. వాళ్ళ పాత మట్టి కాగు పోయినేడాది పగిలింది. మీ తాత, నానా పేరు మీద ఏదైనా పీర్ల చావడికి ఇద్దామని నా మనసులో ఉంది. తాండూరు బజారులో జింక్ పూత తొట్టి కనిపించింది. కొత్త రేకు, చంద్రుడిలా మెరుస్తోంది. దుకాణం అబ్బాయి, "నీళ్ళకు మంచిగుంటది అమ్మా, పులుపుకు పెట్టకుండ్రి" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నాకు జెప్తున్నవా? నేను కెమిస్ట్రీ చెప్పిన దాన్ని" అన్నాను. అతను నోరు మూసుకున్నాడు. నోరు మూయించడంలో నాకు ఎప్పుడూ నూటికి నూరే.

తెలుసు కదా, మరెందుకిచ్చావు అంటావు. బళ్ళో అది జింక్. బజారులో అది తొట్టి. రెండూ ఒకటేనని ఆ క్షణాన నాకు తట్టలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు నల్లబల్ల మీద రాసిన సమీకరణం బజారులో నా పక్కనే నిలబడితే గుర్తుపట్టలేదు. నాగవ్వ నా తొట్టి మీద గౌరవంతో ముందురోజు మధ్యాహ్నమే చింతపండు పులుసు అందులో పోసి, బెల్లం కలిపి, తెల్ల బట్ట కప్పి పెట్టింది. ఆమ్లం రాత్రంతా పనిచేసింది.

ఆ సాయంత్రం అందరూ జంగప్ప చుట్టూ ఉంటే నేను తొట్టిలోకి తొంగిచూశాను. షర్బతు నిలిచినంత మేర మెరుపు పోయి బూడిదరంగు తిరిగింది, గీత గీసినట్టు. పైన మాత్రం కొత్త రేకు. నాకు తెలిసిపోయింది.

జంగప్ప సోమవారం చనిపోయాడు. ఆయనకు డెబ్బై తొమ్మిది, మూత్రపిండాలు ఎప్పుడో చెడిపోయాయి. ఏ డాక్టరూ తొట్టి పేరెత్తలేదు. నేనెందుకు ఎత్తాలి? పోలీసులు వస్తే రేపు మీ అమ్మ అత్తింట్లో ఏమని తలెత్తుకుంటుంది? నాకు తెలిసింది నాకు తెలుసు, నీవు నేర్పక్కర్లేదు.

నీ ప్రశ్నకు జవాబు: పులుపులోని ఆమ్లం జింక్‌తో చర్య జరుపుతుంది, హైడ్రోజన్ పోతుంది, జింక్ అయానులు ఆహారంలోకి దిగుతాయి, తిన్నవారికి వాంతులు, కడుపునొప్పి. రెండు మార్కులు.

ఉమ్రావ్ బేగం

*

వికారాబాద్,
24 జూలై 2025.

నానీ,

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అది నిజంగా రెండు మార్కుల ప్రశ్నే. పాఠం చివర ఏడో ప్రశ్న. కావాలంటే పుస్తకంలో ఆ పేజీ చింపి పంపుతాను. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తొట్టి సంగతే తెలియదు. ఇప్పుడు తెలిసింది, నీవే చెప్పావు.

నాలుగు రోజులుగా ఏం రాయాలో తెలియడం లేదు. టెస్టులో ఆ ప్రశ్న వచ్చింది. నేను రాయలేదు. వదిలేసి వచ్చాను.

నిన్న మేడంను అడిగి ఒక జింక్ ముక్కను తూచి, మెస్సులో తెచ్చిన చింతపండు పులుసులో రాత్రంతా ఉంచాను. పొద్దున ముక్క మీద సన్నని బుడగలు అంటుకుని ఉన్నాయి. కడిగి ఆరబెట్టి తూచితే తగ్గింది. కొంచెమే, కానీ తగ్గింది. "దేనికిది?" అన్నారు మేడం. ఊరికే అన్నాను. నేనూ నీలాగే ఊరికే అన్నాను నానీ.

నీవు కావాలని చేయలేదు. దుకాణంలో మరిచిపోయావు, అంతే. ఎవరైనా మరిచిపోతారు. జంగప్ప తాత గురించి నాకు తెలియదు, దాని గురించి డాక్టర్లు చెప్పాలి. కానీ నాగవ్వ? నిరోషా అక్క? ఆ పసిపిల్ల? వాళ్ళ మీద పడ్డ మాట నీ ఒక్క మాటతో పోతుంది. వెళ్ళి చెప్పు. నీకు భయమైతే శనివారం నేను సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం కలిసి వెళదాం. వెంటనే రాయి. ఎదురుచూస్తూ ఉంటాను.

నీ ఐమన్

*

తాండూరు,
4 ఆగస్టు 2025.

ఐమన్ బేటీ,

పదహారు రోజులు. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. పోస్టుమ్యాన్ మా గల్లీలోకి రాగానే నేను తలుపు దగ్గర ఉంటున్నాను. అతను నన్ను చూసి తప్పించుకుని పోతున్నాడు, అప్పు ఉన్నవాడిలా. నీవు నన్ను అసహ్యించుకుంటున్నావని అర్థమైంది. మంచిదే, మా ఇంట్లో ఒక్కరికైనా బుద్ధి ఉంది. కానీ మౌనంగా అసహ్యించుకోకు, రాసి అసహ్యించుకో. అక్షరదోషాలు దిద్దను.

నీవు రాయకపోయినా నీవు ఏమనేదానివో నాకు తెలుసు. అందుకే నిన్న ఆదివారం ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. దారిపొడుగునా వాక్యం తయారుచేసుకున్నాను. "నాగవ్వా, తప్పు నీది కాదు, తొట్టిది." అది బాగాలేదని, "తొట్టిది కాదు, నాది" అని మార్చాను. యాలాల దాటేసరికి మూడోసారి మార్చాను.

నాగవ్వ ఇంటి వెనక కూర్చుని ఏం చేస్తోందనుకుంటున్నావు? ఆ తొట్టి తోముతోంది. చింతపండుతో, బూడిదతో. చేతులు నల్లగా ఉన్నాయి.

"ఏం జేస్తున్నవే?" అన్నాను.

"నీవిచ్చిన తొట్టి గద ఉమ్రావూ. లోపల మచ్చలు వడ్డయి. నా చేతులకు ఏం పాపముందో, కొత్త తొట్టి గూడ చెడగొట్టిన. ఎంత తోమినా తెల్లగైత లేదు. నీకు మొఖమెట్ల చూపియ్యాలని చావడి కాడికెల్లి ఇంటికి తెచ్చుకున్న."

ఎంత తోమితే అంత జింక్ పోతుంది. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు తను చెప్పింది. జంగప్ప పదకొండో రోజున ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారట. నాగవ్వ వాళ్ళ ముందు తల వంచి, "అవును, మా ఇంట్ల పురుడుండంగ నేను షర్బతు కలిపిన, తప్పు నాదే" అని ఒప్పేసుకుందట. తన మొక్కు వదిలేసుకుంది. వచ్చే సంవత్సరం నుంచి షర్బతు వాళ్ళది కాదు. ఆ సాయంత్రమే కొడుకు పరశురాం నిరోషాను, పసిదాన్ని బషీరాబాద్ అవతల పుట్టింట్లో దింపి వచ్చాడు. పెద్ద పిల్లను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. "ఆ పిల్ల పుట్టినంక మంచిగ లేదు, జర కొన్నొద్దులు ఆడనే ఉండనీ" అంటాడట. ఎన్నాళ్ళు అంటే చెప్పడట.

"నిన్నెవరు ఒప్పుకొమ్మన్నరు?" అని అరిచాను.

"మరి ఎవలదో ఒకలది తప్పుండాలె గద ఉమ్రావూ. ముప్పై మందికి వాంతులైనయి, ఒక మనిషి పాయె. ఎవలది గాకుండ ఎట్లుంటది? నీవు సదువుకున్నదానివి, నీవే ఏం తెల్వదంటివి."

ఆ మాట నన్ను దెప్పడానికి అన్నది కాదు. నా చదువు మీద దానికి అంత నమ్మకం. నాకు తెలియదంటే ఇక ఎవరికీ తెలియదని అనుకుంది.

టీ తాగాను. ఆటో ఎక్కి వచ్చేశాను. చెప్పలేదు.

దీనికి నా దగ్గర హాస్యం లేదు.

నానీ

*

వికారాబాద్,
9 ఆగస్టు 2025.

నానీ,

నేను రాయలేదని ఎలా అనుకున్నావు? 24న రాశాను. ఇప్పుడే తెలిసింది, యూనిట్ టెస్టులు అయ్యేదాకా మేం రాసిన ఉత్తరాలన్నీ వార్డెన్ తన బీరువాలో పెట్టుకుందట. "మనసు చెదురుతుంది" అంది. ఈ రోజు పోస్టుకు వేస్తానంది. ఆ ఉత్తరమూ ఇదీ నీకు ఒకేసారి వస్తాయేమో. ముందు పాతది చదువు. అందులో నేను మంచిగా రాశాను.

ఇందులో మంచిగా రాయలేను.

తొట్టి కొనడం పొరపాటు, అది నేను ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నాను. కానీ నీవు ఆ సాయంత్రమే చూశావు. చూసి వైరస్ అన్నావు. నాగవ్వ పెద్దల ముందు తల వంచిన రోజుకే అసలు కారణం నీకు తెలుసు. మొన్న తను చింతపండుతో తోముతుంటే చూస్తూ టీ తాగావు. ఇవి పొరపాట్లు కావు కదా. వీటిని ఏమంటారో నీవే నాకు నేర్పావు, ఇప్పుడు నా చేత రాయించకు.

నిన్న క్లాసులో ఇనుము మీద జింక్ పూత గురించి చెప్పారు. పూత గీసుకుపోయి ఇనుము బయటపడ్డా తుప్పు పట్టదట. జింక్ తన ఎలక్ట్రాన్లు ముందు ఇచ్చి తనే కరిగిపోతుందట. జింక్ ఉన్నంతకాలం ఇనుముకు ఏమీ కాదట. మేడం బోర్డు మీద బొమ్మ వేశారు. అందరూ దించుకున్నారు. నేను దించుకోలేదు.

నీవు పదిహేడో తేదీలోపు చెప్పకపోతే పద్దెనిమిదిన నేను చాంద్‌పాషా మామూకు ఉత్తరం రాస్తాను. బెదిరింపు అనుకో. అమ్మకు చెప్పను. నీకు ఇంత కఠినంగా రాయలేక మూడుసార్లు చింపి మళ్ళీ రాశాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

ఐమన్

*

తాండూరు,
20 ఆగస్టు 2025.

ఐమన్‌కు,

నీ ఉత్తరాలు రెండూ పన్నెండో తేదీన ఒకేసారి వచ్చాయి. చెప్పినట్టే పాతది ముందు చదివాను. చాంద్‌పాషాకు రాయాల్సిన పని లేదు. పదిహేడున చెప్పాను. గడువు చివరి రోజున. నా విద్యార్థినులు రికార్డులు ఇచ్చినట్టు.

ఆ రోజు వాన పడుతోంది, కాగ్నా నది నిండుగా పోతోంది. అయినా అందరినీ పీర్ల చావడి దగ్గరికి పిలవమని చాంద్‌పాషాకు కబురు పెట్టాను. నలభై మంది దాకా వచ్చారు. ఒక గాజు సీసా, జింక్ రేకు ముక్కలు, వినెగరు, అగ్గిపెట్టె సంచిలో వేసుకుని వెళ్ళాను. నోటిమాట నమ్మరని నా భయం. సీసాలో రేకు వేసి వినెగరు పోసి, కాసేపు వేడినీళ్ళలో నిలబెట్టాను. బుడగలు లేచాయి. అగ్గిపుల్ల పెడితే టప్ మంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "టీచరమ్మ ఇంక మర్వలే" అని ఎవరో మెచ్చుకున్నారు. తొట్టి తెప్పించి లోపలి గీత చూపించాను. పులుపు, జింక్, వాంతి, అన్నీ వరుసగా చెప్పాను. పురుటికీ దీనికీ ఆవగింజంత సంబంధం లేదని, తప్పు నాదని చెప్పాను.

చాంద్‌పాషా లేచాడు.

"టీచరమ్మ దిల్ పెద్దది. చిన్ననాటి దోస్తు కోసం నింద నెత్తిన ఏసుకుంటున్నది."

అందరూ తలలూపారు. జంగప్ప పెద్ద కొడుకు హన్మయ్య నా చేతులు పట్టుకుని, "మీరు ఫికర్ వెట్టుకోకుండ్రి టీచరమ్మా. మా నాయిన పోయింది పీరు కోపానికే. నాగవ్వ ఒప్పుకున్నది గూడ" అన్నాడు. నేను అబద్ధం ఆడుతున్నానని అంత మర్యాదగా ఎవరూ ఎప్పుడూ అనలేదు. వైరస్ అన్నప్పుడు ఒక్కరూ అనుమానించలేదు. నిజం చెబితే నమ్మేవాడు లేడు. నాకు ఇంత మంచిపేరు ఉందని తెలిసి ఉంటే ఎప్పుడో కొంచెం పాడుచేసుకుని ఉండేదాన్ని.

నమ్మింది ఒక్కతే. నాగవ్వ. స్తంభం పక్కన కూర్చుని అంతా విన్నది. జనం పోయాక నా దగ్గరికి వచ్చింది.

"ఎన్నడు ఎరుకైంది నీకు?"

"ఆ పొద్దే."

"పండుగ పొద్దేనా?"

"అవును."

"నా కోడలు పిల్లను ఎత్తుకొని పోయెటప్పుడు గూడ ఎరుకనే?"

"ఎరుకనే."

మేకలను విప్పే వేళ అయిందని వెళ్ళిపోయింది. నేను ఆటో వచ్చేదాకా చావడి అరుగు మీద కూర్చున్నాను. తను మేకలతో నా ముందు నుంచే పోయింది. చూడలేదు. తిట్టినా బాగుండేది, నాకు జవాబులు వచ్చు.

నిన్న బషీరాబాద్ బస్సెక్కాను. అక్కడ దిగి ఇంకో ఆటో. నిరోషా తండ్రి వాకిట్లోనే, "బర్రీ, కుందర్రీ" అని, రండి కూర్చోండి అన్నట్టు కన్నడంలో మర్యాద చేసి మంచం వాల్చాడు. నిరోషా పసిదాన్ని ఒళ్ళో వేసుకుని గడపలో కూర్చుంది. పిల్లకు ఏడు వారాలు. ఇంకా పేరు పెట్టలేదు. "వాళ్ళ నాయిన రానిది ఎట్ల వెడతం?" అంది.

మొత్తం చెప్పాను. ఆ అమ్మాయి పది పాసైంది, సగంలోనే అర్థం చేసుకుంది. ఏడవలేదు. లోపలికి వెళ్ళి ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"రాసియ్యండి టీచరమ్మా. మీరు చెప్పినట్టు నేను జెప్తే మా ఆయన నమ్మడు."

రాశాను. "జింక్ పూత గల పాత్రలో చింతపండు ద్రావణం పద్దెనిమిది గంటలకు పైగా నిల్వ ఉండుట వలన జింక్ అయానులు ద్రావణంలో విడుదలై, సేవించిన వారికి అస్వస్థత కలిగినది. దీనికి ఇతర కారణములు లేవు." కింద సంతకం, తేదీ. నాకు బాగానే ఉందనిపించింది.

నిరోషా వేలు పెట్టి చదివింది.

"ఇందుల మనుషులు లేరు గద టీచరమ్మా."

"మనుషులెందుకమ్మా? కారణం రాశాను గద."

"మా అత్త ఉండె. నేనుంటి. నా పిల్ల ఉండె. ఇది సదివితె ఆడ ఎవ్వరు లేనట్టున్నది."

కాగితం చింపి రెండోది రాశాను. తొట్టి కొన్నది ఉమ్రావ్ బేగం అనే నేను, ఇచ్చింది నేను, నాగవ్వ తప్పేమీ లేదు, నిరోషా తప్పు లేదు, పిల్ల తప్పు లేదు. ఇచ్చాను. మళ్ళీ చదివింది. మళ్ళీ వెనక్కి ఇచ్చింది.

"మీకు ఎన్నడు ఎరుకైందో రాయలే."

"అది పరశురాంకు ఎందుకు?"

"ఆయనకు గాదు. రేపు ఇది పెద్దగైనంక అడుగుతది. నన్ను ఏ పొద్దుకు తోలేసిన్రు, ఆ పొద్దు ఎవలెవలికి ఎరుక అని."

ఐమన్, నా జీవితంలో ఎన్ని వేల సమాధాన పత్రాలు దిద్దానో లెక్కలేదు. నా కాగితాన్ని ఇలా ఎవరూ దిద్దలేదు. ఆమె చెప్పిన చోట రాశాను. "కారణం నాకు జూలై ఆరవ తేదీ సాయంత్రమే తెలుసు. ఆగస్టు పదిహేడు వరకు నేను ఎవరికీ చెప్పలేదు. ఈ పాపను ఇంటి నుంచి పంపించిన రోజున కూడా నాకు తెలుసు."

ఆరిందో లేదో వేలితో తాకి చూసి, మడిచి, పిల్ల టీకాల కార్డులో పెట్టింది. పరశురాం వస్తాడో రాడో తెలియదు. నేను రేపు అతని దగ్గరికి వెళతాను, వినకపోతే ఎల్లుండి కూడా. నా మాట నమ్మని మనుషుల జాబితాలో అతన్ని ముందే రాసుకున్నాను.

పిల్లను ఒకసారి ఎత్తుకుందామని చేతులు చాపాను. నిరోషా ఇవ్వలేదు. కోపంగా కూడా అనలేదు.

"ఐదు గంటల బస్సు తప్పితె మళ్ళ లేదు టీచరమ్మా. పోండి."

నానీ